వరసలో కూర్చోని పటం

వినియోగదారుల దినోత్సవం దగ్గర పడుతోందంటే తిరుపతిలో ఏదో ఒక కాలేజీవాళ్ళకు నేను గుర్తొస్తాను. రిటైరైన మనిషి, పిలిస్తే వస్తుంది, ఆటో ఖర్చు కూడా అడగదు. శాలువా కప్పుతారు, పూలమొక్క చేతిలో పెడతారు, మైకు ముందు నిలబెడతారు. వినియోగదారుల కమిషన్‌లో శిరస్తదారుగా, అంటే పెద్ద గుమాస్తాగా, పనిచేసినదాన్ని కాబట్టి నేను చెప్పేదీ ఏటా ఒకటే. బిల్లు దాచుకోండి. పార్సిలు విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. కంపెనీ ఏ మహానగరంలో ఉన్నా మీరు కాపురముండే చోటే కేసు వేయొచ్చు. లాయరు లేకుండా మీ నోటితో మీరే చెప్పుకోవచ్చు. పిల్లలు చప్పట్లు కొడతారు, నేను మొక్క పట్టుకుని ఇంటికొస్తాను.

పోయినసారి ఒకమ్మాయి లేచి, మీ సర్వీసులో గెలిచిన కేసుల్లో మీకు బాగా గుర్తున్నది ఏది మేడం అని అడిగింది. కొన్న రోజే పొగ వచ్చిన ఫ్రిజ్జు కేసు చెప్పాను. అందరూ నవ్వారు. నిజానికి నాకు గుర్తున్నది ఫ్రిజ్జు కాదు, ఒక ఫోటో. అదీ గెలిచిన కేసే. భుజం మీద శాలువా ఉండగా చెప్పడానికి నోరు రాలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసు ఏ ఊళ్ళోదని అడక్కండి. తిరుపతికీ చిత్తూరుకీ మధ్య బస్సులెక్కి దిగుతూ నా సర్వీసు గడిచిపోయింది, అంతవరకు చాలు. అద్దె ఇల్లు. ముందు గదిలో కోర్టు, మధ్య గదిలో మేము, వెనక వంటిల్లు ఉండాల్సిన చోట రికార్డు గది. కోర్టు అంటే మీరు సినిమాల్లో చూసేది కాదు. ఒక ఎత్తు బల్ల, దాని వెనక అధ్యక్షులు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగురుతాయి, ఆపితే మనుషులకు ఊపిరాడదు.

అధ్యక్షులు మంచి మనిషి. కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆయన తర్వాత చెప్పుకోవాల్సింది మా రికార్డు అసిస్టెంటు గురించి. చిత్తూరువాడు, నాకంటే చిన్నవాడు. ఆయన కట్టిన ఫైళ్ళ కట్టలు చూస్తే ఇటుకలు పేర్చినట్టుండేవి. కట్టలోంచి ఒక్క కాగితం కూడా తలకాయ బయట పెట్టకూడదనేది ఆయన సిద్ధాంతం. బయటికొచ్చిన అంచును ఎలుక కొరుకుతుంది, కొరికిన కాగితం కోసం రేపు మనల్ని అడుగుతారు అనేవాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు మా తీర్పులు చదివేవారో లేదో గాని ఆయన రికార్డు గది చూసి మెచ్చుకోకుండా వెళ్ళేవారు కారు. మేమూ గర్వపడేవాళ్ళం. పని దొంగలు నిండిన లోకంలో పని మీద ప్రేమ ఉన్నవాడు దొరకడం అదృష్టం కదా అనుకునేవాళ్ళం.

ఆ ఆడమనిషి వచ్చిన రోజు జనం పెద్దగా లేరు. నలభై దాటి ఉంటాయి. చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి పార్సిలు. నా బల్ల మీద పెట్టబోతూ ఆగి, ముందు కొంగుతో బల్ల తుడిచింది. మా బల్లలు అంత మురికిగా ఉండేవి మరి.

"కొన్న వస్తువు సరిగా లేకపోతే ఈడ చెప్పుకోవచ్చంట గదా మేడం" అంది. అవునన్నాను. ఏం వస్తువని అడిగాను. తువ్వాలు విప్పి ఒక ఫోటో పరిచింది. ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళ మగమనిషి, స్కూటరు మీద కూర్చుని ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టున్నాడు. సగం నవ్వు. నుదుట పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. "మా ఇంటాయన" అంది.

ఆమె చెప్పినదంతా ఆమె మాటల్లో రాయలేను, గంటకు పైగా చెప్పింది. ఆమెది వడమాలపేట పక్క పల్లె. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో పని, మిగతా కాలం కూలి. చర్చికి పోయే కుటుంబం. ఆమెను చేసుకున్నవాడు పక్క ఊళ్ళో భూములున్న ఇంటి చిన్నకొడుకు. ఆ పెళ్ళితో పుట్టింటి గడప అతనికి మూసుకుపోయింది. అన్న మాట్లాడలేదు. తల్లి మాత్రం పుత్తూరు సంతలో దొంగచాటుగా కలిసి మనవరాలి చేతిలో ఏదో ఒకటి పెట్టి పోయేది. రోడ్డు మీద లారీ తగిలి అతను పోయేవరకూ అంతే. పోయిన తర్వాత మాత్రం మనిషి మీద ప్రేమలు పుట్టుకొచ్చాయి. మన దగ్గర చచ్చినవాడికి సగం తప్పులు మాఫీ, బతికున్నవాళ్ళకే వడ్డీ పడుతుంది.

ఆ ఇంటి నడవలో పెద్దల పటాలు వరసగా ఉంటాయట. తాత, అవ్వ, మామ, అందరివీ ఒకటే కొలత. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు. మహాలయ అమావాస్యనాడు ఆ పటాల ముందు కొత్త బట్టలు, వండినవన్నీ పెట్టుకుంటారు. మనిషి పోయి ఏడాది తిరిగాక ఆ అమావాస్యకే అతన్ని పెద్దల్లో కలుపుతారు, పటం వరసలోకి ఎక్కుతుంది. భర్త పటం భార్య తేవాలనేది ఆ ఇంటి మర్యాద. తల్లి పట్టుబట్టగా పట్టుబట్టగా పెద్దకొడుకు చివరికి సరేనన్నాడు. తెమ్మను, ఆ బిడ్డను కూడా తీసుకురమ్మను అన్నాడు.

"మా చర్చిలో పటాలకు బొట్లు పెట్టేది ల్యా మేడం. అయినా ఆ ఇంటి మర్యాద ఆ ఇంటిది. ఆయప్ప ఆ వరసలో కూర్చుంటే నా బిడ్డ ఆ నడవలో ఆకేసుకోని అన్నం తింటాది. నాకు అది సాలు" అంది.

భర్త మంచి ఫోటో ఒకటే ఉంది, అదీ ఫోనులో. పుత్తూరు స్టూడియోవాడు అంత పెద్దగా తీస్తే మసకేస్తుందని చెప్పాడు. కాలేజీలో చదివే కూతురు ఫోనులో వెతికి ఒక కంపెనీని పట్టుకుంది. మసక ఫోటోనైనా కంప్యూటరు శుభ్రం చేసి, అడిగిన కొలతకు అచ్చువేసి ఇంటికి పంపుతామని ప్రకటన. కొలత ఎంచుకున్నారు. డబ్బు కట్టారు. మీ ఆర్డరు ఒప్పుకున్నాం అని కొలతతో సహా సందేశం వచ్చింది. పార్సిలు మాత్రం చెప్పిన రోజుకు రాక, సరిగ్గా అమావాస్య పొద్దున వచ్చింది. చట్రం కట్టించే వ్యవధి లేదు. కట్టు విప్పకుండానే పరుగున తీసుకెళ్ళి ఆ నడవలో అందరి ముందు విప్పారు.

అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు.

బావ దాన్ని మామ పటం పక్కన పట్టి చూశాడట. చంకనెత్తుకున్న బిడ్డ మాదిరి ఉండాది, ఇది పెద్దల వరసలో కూర్చోదు అన్నాడట. అంతటితో ఆగితే బాగుండేది. మా తమ్ముడికి నువ్వు ఇచ్చిన విలువ ఇంతేనా అని కూడా అన్నాడు. కూతురు ఫోను తీసి ఆర్డరు చూపించబోతే, ఫోనులో ఏమైనా చూపిస్తారు అని మొహం తిప్పుకున్నాడు. పోయినవాడి తల్లి మాత్రం ఆగలేకపోయింది. ఫోటోను కిటికీలో నిలబెట్టి పసుపు పూసి బొట్టు పెట్టింది. కొడుకును ఏడాదికి చూసుకుంటున్న తల్లి కొలతలు చూస్తుందా?

బొట్టు పెట్టడంతో అది పటమైంది. ఆ ఇంట్లో ఒక మనిషికి ఒకసారే బొట్టు. ఇంకో పటం తెచ్చి మళ్ళీ బొట్టు పెడితే అతను రెండోసారి చచ్చినట్టు లెక్క. ఇక ఉన్నదానితోనే సర్దుకోవాలి. దారి కూడా అత్తే చెప్పింది. చిన్న పటాన్ని పెద్ద చట్రంలో పెట్టి చుట్టూ తెల్ల అట్ట వేయించవచ్చు, అదేమంత మాట కాదు. కాని నువ్వు పెద్దదే అడిగావని, తప్పు వాళ్ళదేనని నలుగురిలో తేలాలి. బావ కూడా ఒప్పుకున్నాడు. గవర్నమెంటు ముద్ర ఉన్న కాగితం తెస్తే వచ్చే అమావాస్యకు ఎక్కిస్తానన్నాడు. ఆమె అలాంటిది తేగలదా అని ధైర్యమేమో.

ఈలోగా కంపెనీవాళ్ళకు కూతురు ఫిర్యాదు పెట్టింది. వాళ్ళ జవాబు ఇంకా బాగుంది. వస్తువును వాడకుండా, వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, అదే పెట్టెలో వాపసు పంపితే పరిశీలిస్తామన్నారు. బొట్టు పెట్టిన మొగుణ్ణి కొరియరులో ఎట్ల పంపేది మేడం అని ఆమె నన్నడిగింది. నా దగ్గరున్నది కాగితమే. కాగితమిచ్చి ఏం రాయాలో చెప్పాను. కూతురు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది.

మీరు చట్టం చదివేవాళ్ళయితే ఇక్కడ వాదమేమీ లేదని తెలిసిపోతుంది. అడిగింది ఒకటి, పంపింది ఒకటి, మధ్యలో చెప్పలేదు. కాని కంపెనీ ఒక లాయరును పంపింది. ఇస్త్రీ నలగని కోటు. ఆయన మొదటి రోజే, మా కక్షిదారు సరైన కొలతే పంపారు, ఫిర్యాదీ అంచులు కత్తిరించుకుని ఉంటుంది అన్నాడు. అలా అంటే అసలు ఫోటో కోర్టు ముందుకు రావాల్సిందే. ఆమె తెచ్చింది. బల్ల మీద పరిచాం. అటెండరు స్కేలు పెట్టి కొలిచాడు. నాలుగు వైపులా అచ్చు యంత్రం వదిలిన తెల్ల అంచు చెక్కు చెదరకుండా ఉంది. కత్తిరించినవాళ్ళు ఆ అంచునెలా మిగిలిస్తారని అధ్యక్షులు గొంతు తగ్గించి అడిగారు.

లాయరు దారి మార్చాడు. ఫోటో నాణ్యత చాలక తమ సాఫ్ట్‌వేరు తనంతట తానే కొలత తగ్గించిందట. షరతుల్లో ఎక్కడో ఆ మాట ఉందట. తగ్గించే తెలివి ఉన్నదానికి చెప్పే నోరు లేదా అని అధ్యక్షులు అన్నారు. అప్పుడతను ఆఖరి బాణం తీశాడు. ఏదేమైనా ఫిర్యాదీ ఆ వస్తువును వాడేసింది, వాడిన వస్తువుకు పరిహారం ఉండదు.

"ఫోటోను వాడటమంటే ఏమిటి?" అన్నారు అధ్యక్షులు.

"బొట్టు పెట్టారు సార్."

ఆమె లేచి నిలబడింది. "వాడుకోలేదు సార్. సచ్చిపోయినాడని ఒప్పుకున్నాము" అంది. అంతే, కూర్చుంది. లాయరు కూడా తల దించుకున్నాడు. ఆ ఒక్క నిమిషం నా ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది, దాచడమెందుకు.

సాక్ష్యం గనుక ఫోటోను కేసు తేలేదాకా కోర్టులో ఉంచాలి. వెనక నంబరు వేసి ముద్ర కొట్టాలి. ఆమెకు ఇష్టం లేదు. బొట్టు పెట్టిన పటాన్ని పరాయిచోట వదిలి పోకూడదేమో సార్ అని నసిగింది. అధ్యక్షులు ఆమె వైపు వంగి, "భయపడొద్దమ్మా, కోర్టు చేతిలో ఉన్న వస్తువు గుళ్ళో ఉన్నట్టే" అన్నారు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఆమె తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఫోటో వెనక ముద్ర వేసి రికార్డు గదికి పంపాను.

తీర్పు మా దగ్గర అరుదుగా వచ్చేంత తొందరగా వచ్చింది. కంపెనీ సేవలో లోపం ఉంది, అడిగిన కొలత ఇదీ, పంపిన కొలత ఇదీ, చెప్పకుండా మార్చడం అన్యాయం, మృతుడి పటమని తెలిసీ వాపసు షరతు పెట్టడం అమానుషం. పరిహారంతో పాటు సరైన కొలతలో కొత్త ఫోటో కూడా ఉచితంగా ఇవ్వాలన్నారు. అధ్యక్షులు ఆ తీర్పును ఆమె కోసం తెలుగులో రాయించారు. నేను చదివి సంతోషపడ్డాను. కంపెనీ అప్పీలుకు పోలేదు. డబ్బు కట్టింది. మంచి గొట్టంలో చుట్టి, నిగనిగలాడే కొత్త ఫోటో పంపింది, రెండడుగులకు ఒక నూలుపోగు తేడా లేకుండా. పైగా మా వల్ల మీకు కలిగిన బాధకు చింతిస్తున్నామని ఒక చీటీ.

అప్పీలు గడువు దాటాక, మహాలయ అమావాస్య వారంలోకి వచ్చిందనగా, ఆమె తీర్పు నకలు కోసం, పటం కోసం వచ్చింది. ఆరోజు మంచి చీర కట్టుకుంది. కూతురు కూడా వచ్చింది. చట్రం, తెల్ల అట్ట పుత్తూరులో సిద్ధంగా ఉన్నాయని, ఇక్కడినుంచి నేరుగా అక్కడికే పోతామని చెప్పింది. అత్త రోజూ ఫోను చేస్తోందట. బావ కూడా మెత్తబడ్డాడట. ఇంతకు ముందు బిడ్డను పేరు పెట్టి కూడా పిలవనివాడు, ఆ అమ్మికి కొత్త పావడా తీసిపెట్టమని అన్నాడట. నేను టీ తెప్పించాను. మా ఆఫీసులో గెలిచినవాళ్ళు మాకు టీ ఇప్పిస్తారు గాని మేమిప్పించడం ఉండదు. ఆరోజు ఇప్పించాను.

రికార్డు అసిస్టెంటు కట్ట తెచ్చాడు. ఎప్పటిలాగే ఇటుకలా ఉంది. తాడు విప్పాడు, కాగితాలు తిప్పాడు, అడుగునుంచి ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ఫైలు అంచు దాటకుండా నాలుగు మడతలు వేసి ఉంది. మూలన పంచింగు చేసిన రంధ్రం, దాంట్లోంచి ఎర్ర ట్యాగు.

నాకు విప్పబుద్ధి కాలేదు. ఆమే విప్పింది. ఏళ్ళ తరబడి కట్టల కింద నలగలేదు, కొన్ని నెలలే. ఆ కాగితానికి అవే చాలు. అడ్డం మడత సరిగ్గా కళ్ళ మీద పడింది. నిలువు మడత ముక్కు మీదుగా పోయింది. మడత పడిన చోటల్లా రంగు పొర రాలి తెల్ల గీత లేచింది. నుదుటి కుంకుమ మడతలో అంటుకుని ముక్కు మీద ఇంకో బొట్టు పెట్టింది. ఆ సగం నవ్వు మొహం నాలుగు ముక్కలైంది.

"ఇదేంది?" అన్నాను.

"ఎగ్జిబిటు మేడం" అన్నాడు మా రికార్డు అసిస్టెంటు. "ఫైలు సైజుకు రాలేదు. బయటికి వస్తా ఉండె. ఎలకలు కొరుకుతాయని లోపలికి మడిసి పెట్టినాను." చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. అప్పుడర్థమైంది ఆయనకు. ఆయన ఇంట్లోనూ వాళ్ళ నాయన పటం ఉంది, దానికీ ఏటా బొట్టు పెడతాడు. ఇంట్లో పటమైనది ఆఫీసుకొచ్చేసరికి కాగితమవుతుంది. ఆయనొక్కడికే కాదు, మాకందరికీ అంతే. ఆయన చేతికి అందింది గనుక ఆయన మడిచాడు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది. వేలితో ఆ తెల్ల గీతల్ని నెమ్మదిగా తుడిచింది, అవి పోతాయేమోనని. తర్వాత నన్ను అడిగింది.

"వాళ్ళు సిన్నది పంపినారని మీరే రాసినారు గదా మేడం. మీకు పెద్దదైపోయెనా?"

కూతురు ఏడుపు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయింది. నేను అధ్యక్షుల గదిలోకి వెళ్ళాను. ఆయన ఆ ఫోటోను చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తీసి, మనం చేయగలిగిందేముంది, రసీదు తీసుకుని ఇచ్చేయండి అన్నారు. అమ్మా నన్ను క్షమించు అని బయటికి వచ్చి ఆమెతో ఒక్క మాట అంటారేమోనని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన తర్వాతి ఫైలు తెరిచారు. మంచివాళ్ళు కూడా కొన్నిసార్లు కుర్చీలోంచి లేవలేరు.

మా రసీదు మీద ముందే అచ్చువేసి ఉంటుంది, వస్తువు మంచి స్థితిలో నాకు అందినది అని. ఆమె చదివి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. నేను కలంతో కొట్టేశాను. ఆమె సంతకం చేసింది. టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు.

రికార్డు అసిస్టెంటు వాళ్ళ వెంట బస్టాండు దాకా పరుగెత్తాడు. రెండు రోజులు తన దగ్గర వదిలితే బరువు పెట్టి సాపు చేస్తానని బతిమాలాడట. ఆమె ఇవ్వలేదు. ఎందుకిస్తుంది?

అమావాస్యనాడు ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బావ తీర్పు నకలు అందరి ముందు చదివించాడట. తప్పు నాదే, ఆ అమ్మి పెద్దదే అడిగింది అని నలుగురిలో ఒప్పుకున్నాడట. నాకు ఆ మనిషి మీద చాలా కోపముండేది, ఆ ఒక్క మాటతో అది సగం తగ్గింది. పటం బయటికి తీశాక మాత్రం కళ్ళ మీద విరిగిన పటాన్ని పెద్దల్లో పెట్టరాదని ఊళ్ళో ముసలివాళ్ళు తేల్చేశారు. విరిగిన పటం వరసలో ఉంటే ఇంట్లో ఇంకొకరు వరసలోకి ఎక్కుతారట. కంపెనీ పంపిన కొత్త ఫోటో ఉంది కదా అంటే, రెండోసారి బొట్టు పెట్టరు. ఇక బావ అడ్డుపడాల్సిన అవసరం లేకపోయింది, మా ఆఫీసే ఆ పని చేసిపెట్టింది. అత్త ఆ రోజు అన్నం ముట్టలేదట. మా మంచి తీర్పు వాళ్ళ దగ్గర అలాగే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. ఒక్కతే. చేతిలో ఒక అర్జీ. కూతురి ముత్యాల అక్షరాలే. మొదటిసారి రాసిన మాటలే దాదాపుగా ఉన్నాయి, నాకప్పజెప్పిన వస్తువును సరిగా చూడలేదు, నా మనసుకు కష్టం కలిగించారు అని. ప్రతివాది అని ఉన్న చోట కంపెనీ పేరు బదులు మా ఆఫీసు పేరు ఉంది.

ఆ అర్జీ రాయడం నేర్పింది నేనే. రెండుసార్లు చదివాను. నాకు తెలిసిన చట్టమంతా మనసులో తిరగేశాను. కోర్టు వినియోగదారుడికి సేవ అమ్మేది కాదు. కోర్టుకు వచ్చినవాళ్ళు వినియోగదారులు కారు. డ్యూటీలో చేసినదానికి గుమాస్తా మీద కేసు నడవదు. పై ఆఫీసుకు అర్జీ పెట్టుకోవచ్చు, వాళ్ళు మా నుంచే వివరణ అడుగుతారు, ఆ వివరణ రాసేది నేనే. ఇవన్నీ ఆమెకు ఎలా చెప్పను? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి అని మనం సామెతగా అంటాం గాని, అడిగేవాళ్ళు ఎదురుగా వచ్చి నిలబడితే తెలుస్తుంది.

సర్వీసంతా జనానికి ఏ గదికి వెళ్ళాలో, ఎవరికి చెప్పుకోవాలో చూపించినదాన్ని. ఆరోజు ఏ వైపూ చెయ్యి చూపించలేకపోయాను. "ఈ అర్జీ ఇక్కడ తీసుకోరమ్మా" అన్నాను.

"మరి యాడ తీసుకుంటారు?"

యాడా తీసుకోరని చెప్పాను. ఆమె అర్జీని తీసుకుంది. మడవకుండా, నలగకుండా, రెండు చేతులతో పట్టుకుంది.

"అయితే ఆ కంపెనీవాళ్ళే నయం మేడం" అంది. "వాళ్ళ మీద చెప్పుకునేదానికి మీరన్నా ఉంటిరి."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ పూట ఇంకా రెండు కేసులు ఉన్నాయి. నేను లోపలికి వెళ్ళి పేర్లు పిలిచాను.